బసవయ్య ఇచ్చిన సిఫార్సు

శేషాద్రి ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నందిగామలో చెల్లెలు రాజరాజేశ్వరి ఇంట్లో ఇడ్లీ తిని, బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగి, అక్షయ అనే అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడి, సాయంత్రం ఐదులోపు హైదరాబాదులో తన ఆఫీసుకి ఒక మెయిలు పంపాలి. అందులో పేరుంటే పోస్టు నిలుస్తుంది, లేకపోతే రద్దవుతుంది. ఈ మాట ఆఫీసువాళ్ళు ఇప్పటికి మూడుసార్లు చెప్పారు.

శేషాద్రి ప్రొఫెసరు. ఆయన ల్యాబులో మనుషుల మెదళ్ళను స్కాన్ చేసి, ఏ భాగం ఏం చేస్తుందో చూస్తారు. దానికి పీహెచ్‌డీ అయిన మనిషి కావాలి. ఇంతకుముందు పనిచేసిన హరిచరణ్ బంగారంలాంటి కుర్రాడు, సార్ మాట జవదాటడు. స్కాన్లలో కుడి ఎడమ తారుమారయ్యాయని మొదటి వారంలోనే కనిపెట్టాడు గానీ, సార్ నొచ్చుకుంటారని ఎనిమిది నెలలు నోరెత్తలేదు. ఆ ఎనిమిది నెలల పనీ గంగలో కలిసింది. అప్పటినుంచీ శేషాద్రికి కావలసింది ఒక్కటే, తప్పుని తప్పని తన మొహం మీదే చెప్పే మనిషి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో అక్షయకి కావాలనే ఒక తప్పు చెప్పి చూశాడు. సరిగ్గా అప్పుడే నెట్టు ఆగి, ఆమె నోరు తెరిచిన బొమ్మ తెర మీద అలాగే నిలిచిపోయింది. కాదనబోయిందో, సరే అనబోయిందో తేలలేదు. అది తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

"వట్టి చేతుల్తో ఒకళ్ళింటికి వెళ్తారా అన్నయ్యా?" అంటూ రాజరాజేశ్వరి తనూ బయల్దేరింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని, సంచినిండా యాపిల్సూ అరటిపళ్ళూ కొనేసరికి మధ్యాహ్నం రెండయింది. ప్లాను అక్కడే సగం చెడింది.

జగ్గయ్యపేటలో దిగి, అక్షయ వాళ్ళ వీధి మొదట్లో తిరుపతిరావు కిరాణా కొట్టు దగ్గర ఆగారు. అమ్మాయి ఎలాంటిదని శేషాద్రి అడిగాడు. తిరుపతిరావు పట్టుచీర చూశాడు, పళ్ళసంచి చూశాడు. ల్యాబులో ఉద్యోగం కోసం అడుగుతున్నానని శేషాద్రి చెబితే చిన్నగా నవ్వాడు. సంబంధం వాకబుకి వచ్చినవాడు వచ్చిన పని చెబితే ఒట్టు. పోయిన నెల వచ్చినవాళ్ళు అద్దె ఇల్లు కావాలన్నారు, అంతకుముందువాళ్ళు స్థలం కొంటామన్నారు. వీళ్ళు ఉద్యోగం అంటున్నారు, అంతే.

పెళ్ళి కావలసిన పిల్ల గురించి ఎవరడిగినా నాలుగు మంచిమాటలు చెప్పడం ఆ వీధి ధర్మం. నోట్లో నాలుక లేని పిల్లని తిరుపతిరావు చెప్పాడు. పెద్దల మాటకి ఎదురు చెప్పడం ఎరగదని టైలరు చెప్పాడు. చదువు పేరుకేననీ, మనసంతా వంట మీదేననీ మందుల షాపాయన అడక్కుండానే చెప్పాడు. ఒక్కో మంచిమాటకీ శేషాద్రి మొహం వాడిపోతూ వచ్చింది. ఇంకో హరిచరణ్ దొరికినట్టే ఉంది.

వీళ్ళకంటే ముందే కబురు ఇల్లు చేరింది. అక్షయ తండ్రి సతీష్‌బాబు ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలోనే ఎదురయ్యాడు. లోపల జీడిపప్పు వేగుతోంది. అమ్మాయి గుడికెళ్ళిందనీ, వచ్చేస్తుందనీ చెప్పి ఉప్మా పెట్టించాడు. శేషాద్రి ఆఖరి ఆశతో, మీ అమ్మాయి ఎప్పుడైనా మీ మాట కాదంటుందా అని అడిగాడు.

"అబ్బే, మా పిల్లకి అలాంటి అలవాట్లు లేవండీ. మీరు వద్దంటే ఈ స్కాన్ల గోల కూడా మానేస్తుంది."

శేషాద్రి ఉప్మా ప్లేటు పక్కన పెట్టేశాడు. టైము నాలుగున్నర దాటింది. చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళి, పోస్టు వదులుకుంటున్నానని ఆఫీసుకి మెయిలు రాయడం మొదలుపెట్టాడు.

గోడ అవతలినుంచి ఒక తల లేచింది. పక్కింటి బసవయ్య. ఆ గోడ గురించే రెండిళ్ళకీ పదేళ్ళుగా తగాదా. సతీష్‌బాబు ఇంటికొచ్చిన సంబంధం చెడగొట్టే అవకాశం దేవుడే పెరట్లోకి పంపాడని ఆయన సంతోషించాడు.

"మీరు మంచోళ్ళలా ఉన్నారు, చెప్పకపోతే నాకు పాపం," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ పిల్ల మహా మొండిదండీ. ఈ గోడ తనే టేపు పట్టి కొలిచి, తప్పు వాళ్ళ నాన్నదేనని నలుగురు పెద్దమనుషుల్లో చెప్పింది. కన్నతండ్రినండీ."

శేషాద్రి వేలు ఫోను మీద ఆగిపోయింది. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"లేకేం? నా మోకాలి స్కాన్ చూసి, రిపోర్టులో కుడి ఎడమ మారిపోయాయంది. డాక్టరు సంతకం పెట్టినదాన్ని ఎవరన్నా తప్పంటారా అండీ? మూడ్రోజుల్నుంచీ ఆ స్కానింగ్ సెంటరు వాళ్ళ ప్రాణం తీస్తోంది. ఇప్పుడూ గుళ్ళో లేదు, అక్కడే ఉంది."

"నిజంగానే మారిపోయాయా?"

"మారిపోయాయి. అది వేరే సంగతనుకోండి."

శేషాద్రికి కళ్ళు చెమర్చాయి. గోడ మీంచి చేతులు చాపి బసవయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. రాసిన మెయిలు చెరిపేసి, అక్షయ పేరు కొట్టి, ఐదుకి పది నిమిషాలుందనగా పంపేశాడు.

అప్పుడే బయట స్కూటీ ఆగింది. అక్షయ బసవయ్య కొత్త రిపోర్టు పట్టుకుని లోపలికొచ్చి, శేషాద్రిని చూసి ఒక్క క్షణం ఆగింది. "సార్, ఆ రోజు మీరు చెప్పింది తప్పండి. చెప్పేలోపు నెట్ పోయింది. మెయిల్ పెట్టా, మీరు చూసుకున్నట్టు లేరు," అంది. సంబంధం చెడిందని సతీష్‌బాబు నెత్తి పట్టుకున్నాడు. శేషాద్రి ఉప్మా మళ్ళీ పెట్టించుకుని, ఉద్యోగం ఇచ్చేశానని చెప్పాడు. అది నిజంగా ఉద్యోగమేనని ఇంటిల్లిపాదికీ అర్థం కావడానికి మూడోసారి చెప్పవలసి వచ్చింది.

తన నోటితోనే ఆ పిల్లకి ఉద్యోగం ఇప్పించానని తెలిసి బసవయ్య ఆ సాయంత్రం కాఫీ ముట్టలేదు. అయితే ఆఫీసు ఫారం మీద సిఫార్సు చేసినవారి సంతకం కావాలని శేషాద్రి అడిగితే, చెప్పినవన్నీ నిజాలే గనక కాదనలేకపోయాడు. అభ్యర్థి మీకు ఎలా పరిచయం అన్న గడిలో, కళ్ళజోడు సవరించుకుని, తన చేత్తోనే రాశాడు: "గోడ తగాదా, పదేళ్ళుగా."