కాపడం పలక

ఆ ఉదయం సీతారామాంజనేయులు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, ఫలహారం ముగించి, మార్కాపురం బజారులో బోర్డులు రాసే బ్రహ్మం దగ్గరికి పోయి, దుకాణానికి కొత్త బోర్డు పురమాయించడం. దాని మీద ఏం రాయించాలో నెల రోజులుగా ఆయన నోట్లో నానుతూనే ఉంది: ‘కాపడం పలక - రిజిస్టర్డ్’. నిజానికి రిజిస్టరైనట్టు మద్రాసు నుంచి కబురింకా రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. సీతారామాంజనేయులైతే ఆ సోమలింగానికి బోర్డు కూడా రాయించే రకం.

మార్కాపురానికి పలకలు కొత్త కాదు. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఆ రోజుల్లో బళ్లో పిల్లవాడు ఓనమాలు దిద్దాలంటే చాలా ఊళ్లకు ఇక్కడి పలకే పోవాలి. అయితే నొప్పి మీద పెట్టుకునే పలక మాత్రం సీతారామాంజనేయులు బుర్రలో పుట్టిందే. ఒకసారి ఆయన భార్య మహాలక్ష్మికి నడుము పట్టేసింది. మామూలు రోజుల్లోనే ఆమె కోప్పడితే వీధి చివర దాకా వినపడుతుంది. దానికి నడుమునొప్పి తోడైతే ఇక చెప్పేదేముంది? ఆయన గనిలో మందపాటి రాయి ఒకటి ఏరించి, అంచులు నున్నగా అరగదీయించి, పొయ్యి మీద కాచి, గొంగడి ముక్కలో చుట్టి ఆమె నడుము కింద పెట్టాడు. మహాలక్ష్మి మూలగడం మానింది, తిట్టడం మానింది, హాయిగా నిద్రపోయింది. ఆ నిద్రపోయే ముఖం చూసి ఆయనకు కళ్లు చెమర్చాయి. కాసేపయ్యాక ఇందులో వ్యాపారం కూడా ఉందని తోచింది.

తొందరలోనే కాపడం పలక పెద్దారవీడు, త్రిపురాంతకం దాకా పోయింది. అది చూసి గిద్దలూరులో రంగనాయకులనే వర్తకుడు నాసిరకం రాళ్లు కోయించి, తనూ ‘కాపడం పలక’ అనే అమ్మసాగాడు. అవి పొయ్యి మీదే పటేల్మని పగిలేవి. లాభం గిద్దలూరులో ఉండేది, పగిలిన ముక్కలు మాత్రం తిట్లతో సహా సీతారామాంజనేయులు దుకాణానికి వచ్చేవి. పేరు తన ఒక్కడిదేనని తేలకపోతే దుకాణం మూసుకోవలసిందే. అందుకే ఆయన మద్రాసులోని ట్రేడ్ మార్కు ఆఫీసుకు దరఖాస్తు పెట్టాడు.

బ్రహ్మం దగ్గరికని చెప్పుల్లో కాలు పెడుతుండగా పోస్టు వచ్చింది. ఆయన అదే కాలుతో వకీలు కరుణాకరం ఇంటికి పోయాడు. కరుణాకరం కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు.

“లేదన్నారు శెట్టిగారూ.”

“ఏంది లేదన్నది?”

“మీరడిగిన పేరు. కాపడానికి వాడే పలకను కాపడం పలక అనక ఇంకేమంటారు అని అడుగుతున్నారు. వస్తువేందో చెప్పే మాట అందరిదీనంట. ఒకరికే రాసియ్యరంట.”

“అదేందో తెలియాలనే గదయ్యా ఆ పేరు పెట్టినాను! తెలియకుండా ఉండాలంటే కందిపప్పు అని పెట్టాల్నా?”

“అట్ల పెట్టింటే ఇచ్చేవాళ్లే,” అన్నాడు కరుణాకరం, ఏమాత్రం నవ్వకుండా. “ఒక దారుంది. ఆ మాట వింటే జనానికి మీ సరుకు తప్ప ఇంకోటి తోచగూడదు. సాక్షులు వచ్చి అట్ల చెబితే మళ్లీ చూస్తారు.”

సీతారామాంజనేయులుకు ఈ మాటే చాలు. మర్నాడే ఊళ్లో టముకు వేయించాడు. ‘మా దుకాణం సరుకును తప్ప మరే రాయినీ కాపడం పలక అనరాదు, అన్నవారి మీద దావా పడుతుంది’ అన్నది ఆయన చెప్పి పంపిన మాట. అంత పొడుగు మాటను ఎండలో వీధివీధీ మోయడం టముకు వేసేవాడికి బరువైపోయింది. నాలుగో వీధికి వచ్చేసరికి ‘కాపడం పలక అన్నోళ్ల మీద దావా పడుతుందహో’ అన్నంత వరకే మిగిలింది.

మార్కాపురం కోర్టున్న ఊరు. దావా అంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మర్నాటి నుంచి ఊళ్లో ఆ మాట ఎత్తిన మనిషి లేడు. దుకాణానికి వచ్చిన కాశమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది.

“ఏం కావాలమ్మా?”

“అదే, శెట్టీ.”

“అదే అంటే?”

“మోకాలికి పెట్టుకునేది. నీకు తెల్వదా ఏంది? నా నోటితో అనిపించి నన్ను కోర్టుకు ఈడుస్తావా?”

ఆమె వేలితో చూపించి, కొనుక్కుని పోయింది. వచ్చినవాళ్లంతా అట్లాగే చేశారు. వాళ్లలో వాళ్లు మాత్రం ఏదో పేరు చెప్పుకుని ముసిముసిగా నవ్వుకునేవారు. ఈయన దగ్గరికి పోతే గప్‌చుప్. జనానికి భయం పుట్టింది, ఇక పేరు మనదేనని సీతారామాంజనేయులు మురిసిపోయాడు.

సాక్ష్యానికి బయ్యమ్మను ఎంచాడు. నల్లమల నుంచి తేనె, కుంకుళ్లు బజారుకు తెచ్చి, తిరుగుదోవలో ఊరూరా ఆయన పలకలు అమ్మే మనిషి ఆమె. పలక గురించి ఆమెకు తెలిసినంత మరొకరికి తెలియదు. బయ్యమ్మనూ, వకీలు కరుణాకరాన్నీ వెంటబెట్టుకుని మద్రాసు ప్రయాణమైన నాడు మహాలక్ష్మి కూడా మూట కట్టుకుని బయటికొచ్చింది.

“నువ్వెందుకే?”

“సముద్రం చూడాల. మీ పలక మొదట కాలింది నా నడుముకే గదా, ఆ మాత్రం హక్కు లేదా నాకు?”

ఉందనే ఒప్పుకున్నాడు. దారి పొడుగునా రైల్లో ఆయన బయ్యమ్మకు పాఠం చెప్పాడు. ఏందని అడిగితే ‘మార్కాపురం శెట్టిగారి కాపడం పలక’ అనాలి, అంతే. బయ్యమ్మ తల ఊపింది గానీ ఒక్కసారీ ఆ మాట పైకి అనలేదు.

మద్రాసు ఆఫీసులో అధికారి తెలుగు వచ్చిన పెద్దమనిషి. పలకను బల్ల మీద పెట్టించి, “ఇదేమిటమ్మా?” అని అడిగాడు.

బయ్యమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

“చెప్పు బయ్యమ్మా,” అన్నాడు సీతారామాంజనేయులు.

“నేననను సామీ. ఆ మాటంటే దావా పడుతుందని టముకేసినారు. నువ్వే చెప్పించి, నువ్వే జైల్లో పెట్టిస్తావా శెట్టీ?”

అధికారికి ఆసక్తి పుట్టింది. “సరే, ఆ మాట వద్దు. మరి ఇది అమ్మేటప్పుడు ఏమని అమ్ముతావు?”

బయ్యమ్మ మహాలక్ష్మి వైపు ఒకసారి చూసి, నాలుగడుగులు దూరం జరిగింది. “మహాలక్ష్మమ్మ కోపం అంటాం, సామీ.”

సీతారామాంజనేయులు భార్య వైపు చూసే ధైర్యం లేక పలక వైపే చూస్తున్నాడు.

“ఆ పేరెందుకు వచ్చింది?”

“చుర్రున కాగుతాది. ఒక పట్టాన చల్లారదు. అయితే ఏం, నొప్పి తీసేదీ అదే.”

“గిద్దలూరు పలకను కూడా అట్లే అంటారా?” అని అందుకున్నాడు కరుణాకరం.

“దాన్నెట్లంటాం? మహాలక్ష్మమ్మ ఉండేది ఈ శెట్టి ఇంట్లోనే గదా. గిద్దలూరుది ఉత్త రాయి.”

అధికారి కలం కింద పెట్టాడు. కాపడం పలక అన్న పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వడం కుదరదన్నాడు. ఈ రెండో పేరుకు దరఖాస్తు పెడితే అడ్డం చెప్పడానికి తనకేమీ కనపడటం లేదన్నాడు. “అయితే, ఇది బతికున్న మనిషి పేరు. ఆవిడ ఒప్పుకోవాలి.”

అందరూ మహాలక్ష్మి వైపు తిరిగారు. ఆమె లేచి కొంగు దోపుకుని బయటికి నడిచింది.

సముద్రం ఒడ్డున గానీ వాళ్లు ఆమెను అందుకోలేకపోయారు. ఆమె నీళ్ల వైపే చూస్తూ అడిగింది.

“ఊరంతా అంటున్నారా?”

“నాకు తెలియదే. నా ముందర ఎవరూ అనలేదు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “నీకిష్టం లేకపోతే వద్దు. దుకాణం పోతే పోనీ. నిన్ను చూసి నలుగురూ నవ్వే పేరు నాకొద్దు మహాలక్ష్మీ.”

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. మహాలక్ష్మికి అది తెలిసింది. ఆమె గొంతు తగ్గించి, “కోపం తీసేసి, ఉత్త మహాలక్ష్మి అని పెట్టగూడదా?” అంది.

కరుణాకరం దగ్గాడు. “కుదరదమ్మా. మహాలక్ష్ములు వీధికి నలుగురున్నారు. ఆ కోపం మీ ఒక్కరిదే.”

ఆమె బయ్యమ్మను దగ్గరికి పిలిచింది. “నొప్పి తీసేదీ అదేనన్నావే, అది నీ మాటా, ఊరి మాటా?”

“అందరం అనేదే తల్లీ.”

మహాలక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుంది. “ఇసక పడింది,” అని, “ఎక్కడ పెట్టాల సంతకం?” అంది.

పేరు వచ్చింది. బ్రహ్మం బోర్డు రాశాడు. గిద్దలూరు రంగనాయకులు ఇలాంటి పేరే ఒకటి పెట్టుకుందామని ఇంట్లో వెతికాడు గానీ, ఆయన భార్య నోట్లో నాలుక లేని మనిషి. ఇంక తిప్పలన్నీ తీరాయనుకున్నాడు సీతారామాంజనేయులు.

తీరలేదు. మూరెడు అక్షరాల్లో తన పేరు చూసుకున్న నాటి నుంచి మహాలక్ష్మి మారిపోయింది. దుకాణానికి వచ్చినవాళ్లందరినీ నాయనా, తల్లీ అని పలకరించి మజ్జిగ ఇవ్వసాగింది. వీధిలో ఆమె గొంతు వినపడి వారాలయింది. ఒకరోజు కాశమ్మ పలకను అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేసింది.

“పాత సరుకుంటే ఇయ్యి శెట్టీ. అమ్మ చల్లబడిందంట గదా. ఇప్పటి పలకలు తొందరగా చల్లారుతున్నాయంటున్నారు.”

ఆ మాట త్రిపురాంతకం దాకా పాకింది. బేరాలు పడిపోయాయి. సీతారామాంజనేయులు దుకాణం వెనకే ఉన్న వంటింట్లోకి పోయి భార్యను బతిమాలాడు. “రోజుకొక్కసారి గట్టిగా అరువు. నా మీదే అరువు.”

“వస్తే గదండీ! ఆ బోర్డు చూస్తే సిగ్గేస్తాది.”

ఆయన రెండు రోజులు ఆలోచించి, సంత నాడు, దుకాణం నిండా జనం ఉండగా, అన్నం పళ్లెం ముందు నుంచి లేచి వంటింటి గడపలో నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు. “పులుసంటే మా అమ్మ చేసేది. ఇదీ ఒక పులుసేనా!”

ఆ తరువాత మహాలక్ష్మి అన్న మాటలు సంత అవతలి చివరన ఎద్దుల బేరమాడుతున్నవాళ్లకు కూడా స్పష్టంగా వినిపించాయి. దుకాణంలో జనం ఒకరి ముఖాలొకరు చూసుకుని తృప్తిగా తల ఊపారు. “ఒకటియ్యి శెట్టీ,” అంది కాశమ్మ. ఆమె వెనక ఇంకా చాలా చేతులు లేచాయి.

సాయంత్రానికి పలకలన్నీ అమ్ముడుపోయాయి. ఆ రాత్రీ, మర్నాడు రెండు పూటలా సీతారామాంజనేయులు పూటకూళ్లింట్లో భోంచేశాడు.