సారయ్య కంటికి బెంగుళూరు లెన్సు

గురువారం పొద్దున నవనీత అనుకున్నది చాలా చిన్న పని. ఎనిమిదింటికల్లా కాలేజీకి వెళ్లి ల్యాబులో బల్ల సర్దుకోవాలి. తొమ్మిదింటికి ఇంటికి కొరియర్‌లో లెన్సు వస్తుంది. అటెండరు యాదగిరి స్కూటరు మీద వెళ్లి దాన్ని తెస్తాడు. పదకొండింటికి హైదరాబాదు నుంచి యూనివర్సిటీ తరఫున ప్రొఫెసర్ ప్రమీలాదేవి వచ్చి ప్రయోగం చూస్తారు. ఆవిడకు నచ్చితే సిద్దిపేటలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ కోర్సు వచ్చే ఏడాది కూడా ఉంటుంది. నచ్చకపోతే కోర్సు ఉండదు, దాన్ని చెప్పే నవనీత కూడా ఉండదు.

ప్రయోగం వినడానికి సులువుగానే ఉంటుంది. గాజుతో చేసిన రెండు సన్నటి తీగలు, ఇంటింటికీ ఇంటర్నెట్ మోసుకొచ్చే రకం. ఒకదాని చివర నుంచి వచ్చిన వెలుగు రెండోదాని లోపలికి వెళ్లాలి. అయితే తీగలోంచి బయటపడిన వెలుగు తిన్నగా పోదు, పైపు మూతి నుంచి చిమ్మిన నీళ్లలాగా విచ్చుకుంటుంది. దాన్ని మళ్లీ దగ్గరికి తెచ్చి, వెంట్రుకకన్నా సన్నగా ఉండే రెండో తీగ నడిబొడ్డున దించాలంటే మధ్యలో లెన్సు కావాలి. మామూలు గుండ్రటి లెన్సు పెడితే నడిమి వెలుగు ఒకచోట, అంచుల వెలుగు ఇంకోచోట పడతాయి. అందుకని అంచుల దగ్గర వంపు మార్చి తయారుచేసిన లెన్సును నవనీత బెంగుళూరు నుంచి తెప్పించింది. ఆ రకాన్ని ఆస్ఫెరిక్ అంటారు. కందిపప్పు బద్దంత ఉంటుంది. దాని చుట్టూ బిగించడానికి మరలున్న ఇత్తడి కట్టు.

చెప్పులు వేసుకుంటూ ఆమె మామ సారయ్యతో, "మామా, తొమ్మిదింటికి లెన్సొస్తది. తీసుకోని మంచిగ పెట్టున్రి. చేత్తోటి ముట్టుకోవద్దు, శాన నాజూకుది," అని చెప్పి వెళ్లిపోయింది.

సారయ్య వాకిట్లో కుర్చీలో అలాగే ఉండిపోయాడు. 

ఆయన నలభై ఏళ్లు గొల్లభామ చీరలు నేశాడు. ఇప్పుడు రెండు కళ్లలోనూ పొర. ఆ గురువారమే పదింటికి కుడికంటికి ఆపరేషన్. పోయినవారం కంటి దవాఖానలో సుచిత్ర అనే అమ్మాయి ఆయనను కూర్చోబెట్టి, పొర తీశాక లోపల పెట్టే లెన్సులు మూడు రకాలని, అన్నిటికన్నా మంచిది, ఖరీదైనది ఆస్ఫెరిక్ అని చెప్పింది. "నాకు మామూలుదే వెయ్యి బిడ్డా," అని వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తింటూ ఆ సంగతంతా కోడలికి చెప్పాడు. నవనీత అప్పుడు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. "ఊఁ" అంది. కొడుకు వెంకటేశ్ భివండిలో మరమగ్గాల దగ్గర పని చేస్తాడు. అతను కూడా ఫోనులో, "గురువారం నాయిన ఆపరేషను, యాదుంచుకో," అన్నాడు. నవనీత దానికీ "ఊఁ" అంది. ఆమె బుర్రలో ఆ గురువారం ఎందుకో పై వారానికి జరిగింది.

సారయ్యకు మాత్రం ఇప్పుడంతా అర్థమైంది. కోడలు పైకి చెప్పలేదు గానీ, ఆయన వద్దన్న మంచి లెన్సును బెంగుళూరు నుంచి తెప్పిస్తోంది!

కొరియర్ పావు తక్కువ తొమ్మిదికే వచ్చింది. భార్య అంజవ్వ డబ్బా విప్పి, లెన్సును వెలుతురులో పెట్టి చూసింది.

"గింతే ఉన్నదేంది?"

"కన్నెంత ఉంటదే మరి? సుట్టు ఇత్తడి కట్టు గూడ ఏసిన్రు సూడు. గట్టిగ ఆగుతది."

అంజవ్వ లోపలికి వెళ్లి వచ్చేసరికి లెన్సు మీద పసుపు, దాని నడుమ కుంకుమ బొట్టు ఉన్నాయి.

"ఓసి, చేత్తోటి ముట్టొద్దన్నది గదనే కోడలు!"

"నేనేడ ముట్టిన? అగ్గిపుల్లతోటి పెట్టిన. కొత్త కన్ను ఇంట్లకొస్తే ఉత్తగ పంపుతరా?"

అంతలో దవాఖాన వ్యాను వచ్చింది. మోకాళ్ల నొప్పుల అంజవ్వ గడప దగ్గరే ఆగిపోయింది. సారయ్య డబ్బాను అంగీ జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని బయల్దేరాడు. వ్యానులో ఉన్న నలుగురు ముసలివాళ్లకూ తన కోడలు ఎలాంటిదో దవాఖాన వచ్చేదాకా చెప్పాడు.

తొమ్మిదిన్నరకు యాదగిరి స్కూటరు ఇంటిముందు ఆగింది. రెండు నిమిషాల్లో నవనీత ఫోను మోగింది.

"మేడం, లెన్సు దవాఖానకు పోయిందట."

"లెన్సుకేమైంది?"

"లెన్సుకేం కాలే. మీ మామ కంట్ల పెడ్తున్నరట. పదింటికి ఆపరేషను."

నవనీతకు రెండు సంగతులు ఒక్కసారే తెలిశాయి. తన ప్రయోగం ఇంకో అరగంటలో ఒక మనిషి కంట్లోకి వెళ్లబోతోంది. ఆ మనిషి ఆపరేషన్ ఈరోజేనని ఇంట్లో తనకు తప్ప అందరికీ తెలుసు. వెంటనే మామ ఫోనుకు చేసింది. ఎత్తింది సుచిత్ర.

"సారయ్యగారికి కంట్ల చుక్కలేసి పండవెట్టినం. ఎవరు మాట్లాడేది?"

"ఆయన కోడల్ని. లెన్సు మీ దగ్గరున్నదా?"

"ఉన్నది మేడం. డబ్బా మీద చూసిన, ఆస్ఫెరిక్. మస్తు మంచిది. మా సారు థియేటర్ల ఉన్నరు, రాంగనే పెడ్తరు."

"పెట్టొద్దు! ఎవ్వరు పెట్టొద్దు. గది నేనే పెట్టాలె."

"మీరు పెడ్తరా?"

"పొద్దున్నుంచి అంత సెట్ చేసుకోని కూసున్న. లైటు గూడ పెట్టిన. లెన్సొక్కటే తక్కువ."

"యాడ మేడం?"

"మా కాలేజిల. హైదరాబాద్ నుంచి ప్రొఫెసర్ మేడం వస్తున్నరు, ఆమె ముందట పెట్టాలె. స్టూడెంట్స్ అందరు చూస్తరు."

సుచిత్ర కుర్చీలోంచి లేచి నిలబడింది. కాలేజీ, ప్రొఫెసరు, చుట్టూ నిలబడి చూసే స్టూడెంట్లు. ఇంకేం కావాలి? కోడలు ఏదో మెడికల్ కాలేజీలో కంటి డాక్టరన్నమాట!

"సారీ డాక్టర్ గారు, మీరని తెల్వలే."

నవనీతకు ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ ఉంది. కాలేజీలో అందరూ ఆమెను డాక్టర్ గారనే పిలుస్తారు. అందుకని ఆ మాట ఆమె చెవికి తేడాగా తగల్లేదు.

"పర్వాలేదమ్మా. జల్ది పంపున్రి."

"పేషెంటును గూడ పంపాలె గద?"

మామను ఒక్కడినే అక్కడ వదిలెయ్యడానికి నవనీతకు మనసొప్పలేదు. "ఆయన్ను గూడ పంపున్రి. లెన్సు జేబులోనే ఉండనియ్యున్రి," అంది.

సుచిత్ర పరుగున వెళ్లి సారయ్యను లేపింది. ఆకుపచ్చ టోపీ సరిచేసి, కుడి కనుబొమ్మ పైన అంటించిన గుర్తు ఊడకుండా ఒత్తింది. "పెద్దాయనా, నీ ఆపరేషను కాలేజిల. హైదరాబాద్ నుంచి పెద్ద మేడం వస్తున్నరట. మీ కోడలే చేస్తదట."

సారయ్య జేబు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. "నా కోడలా? చేస్తది. శాన సదివింది," అన్నాడు.

ప్రమీలాదేవి పదకొండు దాకా ఆగలేదు. పదింబావుకే వచ్చి ల్యాబంతా తిరిగి, చేతిలో కాగితాలు తిరగేశారు. "టెక్నీషియన్ పోస్టు మూడేళ్లుగా ఖాళీ అని ఉంది ఇక్కడ. మనిషి లేకుండా ల్యాబ్ ఎలా నడుపుతున్నారు?" అని ప్రిన్సిపాల్ భూపతిని అడిగారు.

భూపతికి అబద్ధాలు అలవాటు లేదు. అందుకే తొందరపడ్డాడు. "మొన్ననే పెట్టుకున్నం మేడం. వస్తుండు."

సరిగ్గా అప్పుడే వ్యాను డ్రైవరు భుజం పట్టుకుని, ఆకుపచ్చ టోపీతో సారయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"గిదిగో, వచ్చిండు," అన్నాడు భూపతి.

సారయ్య వెలుతురున్న వైపు తిరిగి అందరికీ కలిపి దండం పెట్టాడు. "యాడ పండాలె?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా చేత్తో తడుముకుంటూ వెళ్లి, ప్రయోగం పక్కన ఖాళీగా ఉన్న బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. "కానియ్యి బిడ్డా. నొప్పైతే చెప్త."

ప్రమీలాదేవి కళ్లజోడు సరిచేసుకున్నారు. "పని మొదలుపెట్టే ముందు ఈయన పడుకుంటారా?"

"ధ్యానం మేడం," అన్నాడు భూపతి. "నాజూకు పని గద."

నవనీత మామ జేబులోంచి డబ్బా తీసి విప్పింది. పసుపు ఆరిపోయి గట్టిపడింది.

"లెన్సు మీద ఆ బొట్టేమిటి?"

"కొత్త సామాను మేడం. పూజ చేసినం," అన్నాడు భూపతి. ఆ పొద్దున ఆయన చెప్పిన మాటల్లో నిజమైంది అదొక్కటే. ఆ సంగతి ఆయనకు తెలియదు.

నవనీత స్పిరిటుతో లెన్సు తుడుస్తూ మామ చెవి దగ్గరికి వంగింది. "మామా, ఇది మీ కంటికి కాదు. గీ ప్రయోగానికి తెప్పిచ్చిన."

సారయ్య పైకప్పు వైపే చూస్తున్నాడు. "నాకోసం కాదా బిడ్డా?"

"ఇయ్యాల మీ ఆపరేషనని మర్చిపోయిన మామా." పోయిన నెలరోజుల్లో ఆయన కన్ను ఎట్లుందని ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు.

ఆయన మెల్లగా లేచి కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పోనియ్యి. ముందుగాల నీ పని సూస్కో," అన్నాడు.

నవనీత లెన్సు బిగించింది. కేబులువాళ్లు తీగ తెగిన చోటు కనుక్కోవడానికి వాడే ఎర్రలైటు పెన్నును మొదటి తీగకు తగిలించింది. రెండో తీగ అవతలి చివర ఒక తెల్లకాగితం నిలబెట్టి ఉంది. వెలుగు దాటితే ఆ కాగితం మీద ఎర్రటి చుక్క పడాలి. ఆమె లెన్సు మీదికి వంగి మరలు తిప్పింది. కాగితం తెల్లగానే ఉంది. మళ్లీ తిప్పింది. పది నిమిషాలు గడిచాయి. చుట్టూ నిలబడిన విద్యార్థులు కూడా లెన్సు మీదికే వంగి చూస్తున్నారు.

"మీరు ఆగండమ్మా," అన్నారు ప్రమీలాదేవి. "టెక్నీషియన్ ఉన్నారుగా. ఆయన్ని చేయమనండి."

భూపతి గోడ గడియారం వైపు తిరిగి, దాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు నిలబడ్డాడు. నవనీత నోరు తెరిచేలోపే సారయ్య అడిగాడు. "ఏం చెయ్యాలె బిడ్డా?"

ఇక దాచడానికేం లేదన్నట్టు ఆమె చెప్పింది. "గీ పోగులకెల్లి వెలుగొస్తది మామా. నడుమ లెన్సున్నది. గా పోగు లోపటికి వెలుగు పోవాలె. గీ మూడు మరలు తిప్పితే రొండో పోగు కిందికి మీదికి, పక్కకు, ముందటికి జరుగుతది."

"పోగులకెల్లి వెలుగు పోతదా?"

"పోతది."

"వంగినా పోతదా?"

"కొంచెం వంగినా పోతది మామా."

సారయ్యకు కంటి సంగతి, ఆపరేషన్ సంగతి వెనక్కి పోయాయి. నలభై ఏళ్లలో పత్తి పోగు చూశాడు, పట్టు పోగు చూశాడు. వెలుగు పోగు ఇదే మొదలు. "పోగుకు పోగు అతకాల్నా మరి?"

"అతకొద్దు. ఎదురెదురుగ నిలవెడితే చాలు."

ఆయన స్టూలు మీద కూర్చుని మరల మీద మూడు వేళ్లు ఆనించాడు. లెన్సు వైపు వంగలేదు. ముఖం పూర్తిగా అవతలికి తిప్పుకుని తెల్లకాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక మరను సన్నగా కదిపాడు. ఆగాడు. రెండోదాన్ని పావువంతు తిప్పి, అందులో సగం వెనక్కి తెచ్చాడు. కాగితం మీద ఏదో గులాబిరంగు మెరిసి మాయమైంది. ఆయన వేళ్లు దాని వెనకాలే వెళ్లాయి. అది మళ్లీ వచ్చింది, నిలబడింది, పెరిగింది. చూస్తుండగానే దానిమ్మ గింజలా ఎర్రటి చుక్క కాగితం మీద కూర్చుంది.

ఎవరో చప్పట్లు కొట్టారు. అది భూపతే.

ప్రమీలాదేవి స్టూలు లాక్కుని సారయ్య పక్కన కూర్చున్నారు. "మీకు ఎలా తెలిసిందండీ?"

"ఏం తెల్సిందమ్మా? నాకు కండ్లు మసక. అందులోనూ చుక్కలేసిన్రు. పోగు కనవడ్తలేదు, లెన్సు కనవడ్తలేదు. మీరందరు గాడ వంగి సూస్తున్రు. నాకు గీ ఎర్రటిదొక్కటే కనవడ్డది. గది పెరిగే దిక్కు తిప్పిన."

ఆవిడ నవ్వారు. "లెన్సును చూడకండి, చివర వచ్చే వెలుగును చూడండి అని నేను పాతికేళ్లుగా మొత్తుకుంటున్నాను. కళ్లు బాగున్నవాళ్లు ఒక్కరూ వినరు." తర్వాత మరలన్నీ అటూ ఇటూ తిప్పేసి, "ఇంకోసారి," అన్నారు. సారయ్య చుక్కను ఇంకోసారి తెచ్చాడు. ఈసారి ఆవిడ తానే ప్రయత్నించారు. "మెల్లగమ్మా, పోగు బెదురుతది," అని సారయ్య పక్కనుంచి చెప్పాడు. గుండ్రటి లెన్సు ఎందుకు పనికిరాదో, అంచును ఎట్లా దిద్దుతారో ఆయన అడిగితే, ఆవిడ కాగితం మీద గీసి చూపించారు. గీతలు ఆయనకు కనపడలేదు. అందుకని ఆయన వేలు పట్టుకుని గీతల వెంట నడిపించారు. మధ్యాహ్నం ఆవిడ చూడాల్సిన ఇంకో కాలేజీ వాళ్లు రెండుసార్లు ఫోను చేశారు. ఆవిడ ఎత్తలేదు.

సాగనంపడానికి కారుదాకా వెళ్లిన నవనీత, భూపతికి వినపడనంత దూరంలో ఆగింది. "మేడం, ఆయన మా టెక్నీషియన్ కాదు. మా మామ. ఇవ్వాళ ఆయనకు కంటి ఆపరేషన్. దవాఖాన నుంచి పొరపాటున ఇక్కడికి వచ్చారు."

"తెలుసమ్మా. టెక్నీషియన్ ఎవరూ వచ్చీ రాగానే నొప్పైతే చెప్తాననరు." కారెక్కుతూ ఆవిడ, "నేను రాయాల్సింది రాస్తాను," అన్నారు. అది మంచికో చెడుకో ముఖం చూస్తే తెలియలేదు.

ఆపరేషన్ సోమవారానికి మారింది. నవనీత సెలవు పెట్టి వెంట వెళ్లింది. లెన్సు ఏ రకమని సుచిత్ర అడిగితే, మామ నోరు తెరిచేలోపే, "ఆస్ఫెరిక్," అని చెప్పింది. మర్నాడు కట్టు విప్పగానే సారయ్య అందరికన్నా ముందు కోడలి ముఖం చూశాడు. "ఇంత బక్కగైనవేంది బిడ్డా? తింటలేవా?" అన్నాడు.

పది రోజుల తర్వాత యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. కోర్సుకు అనుమతి ఇచ్చారు. టెక్నీషియన్ పోస్టును మూడు నెలల్లో భర్తీ చేయాలన్నారు. ఆ కింద ప్రమీలాదేవి పెన్నుతో ఒక వాక్యం చేర్చారు: "అంతవరకు, ఇప్పుడున్నాయన పని బాగుంది కానీ, పనివేళల్లో బల్ల మీద పడుకోనివ్వరాదు."