‘నిన్నటి ఎల్లుండి’ అర్థమైపోయిన రోజు

ఆ ఉదయం ఆపరేటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నాట మొదలుపెట్టాలి, ప్రొజెక్టర్ గదిలో బల్ల మీద నడుం వాల్చాలి, ఇంటర్వెల్‌కి లేవాలి, మళ్లీ వాలాలి. ఇరవై రెండేళ్లుగా ఒకే హాల్లో సినిమాలు వేస్తున్న మనిషి ఆమాత్రం కోరుకోవడం అత్యాశేమీ కాదు. అతను సినిమాలు వేస్తాడే గానీ చూడడు. బొమ్మ మసగ్గా ఉందా, అంచులు తెర దాటి గోడ మీద పడుతున్నాయా, అంతవరకే అతని చూపు. కథ సంగతి జనం చూసుకుంటారు.

ఆ వారం వచ్చిన సినిమా పేరు ‘నిన్నటి ఎల్లుండి’. మెదడు మెలితిప్పే సైకలాజికల్ థ్రిల్లర్ అని పోస్టరు మీదే రాశారు. మిగతా ఊళ్లలో అది మూడు వారాలుగా ఆడుతూ జనాన్ని రెండుగా చీల్చిపారేసింది. మహాకావ్యం అని సగంమంది, తలనొప్పి మాత్రల కంపెనీవాళ్లు తీయించారని మిగతా సగంమంది. ఫస్టాఫ్ మొదట్లోనే హీరో భార్య చచ్చిపోతుంది. సెకండాఫ్‌లో నిక్షేపంలా దుప్పట్లు ఉతుకుతుంది. అది ఆత్మ అని ఒక వర్గం, కాదు, హీరో పిచ్చి అని ఇంకో వర్గం. హీరోకి ముందు మీసం ఉండదు, తర్వాత ఉంటుంది. “మీసం ఒక ప్రశ్న” అని దర్శకుడు ఇంటర్వ్యూలో చెప్పాడు. నటీనటుల పేర్లు మొదట్లో కాక సినిమా నడిమధ్యన పడతాయి. అలా వెయ్యడానికి ఎన్ని గుండెలుండాలి అని విమర్శకులు మురిసిపోయారు. ఈ సినిమా మూలంగా మామా అల్లుళ్లు మాటలు మానేసిన ఇళ్లు కూడా ఉన్నాయట.

ఓనరు దీన్ని తెచ్చింది సరిగ్గా ఈ గొడవ కోసమే. అంతకుముందు వరసగా నాలుగు సినిమాలు తన్నేశాయి. “ఇదీ తన్నిందంటే హాలు గోడౌన్‌కిచ్చేస్తా” అని అందరి ముందూ తేల్చి చెప్పేశాడు. గోడౌన్‌కి వాచ్‌మన్ కావాలి గానీ ఆపరేటరెందుకు? మనవాడికి ఇంకో పని రాదు. ఈ వయసులో కొత్తగా నేర్పేవాళ్లూ లేరు. ఆ భయం అతన్ని వారం రోజులుగా పీక్కు తింటోంది.

సినిమా రెండు పెట్టెల్లో వచ్చింది. ఒక దాని మీద ‘1’, ఇంకోదాని మీద ‘2’ అని చీటీలున్నాయి. ఒకటోది యాభై నిమిషాలు, రెండోది గంటన్నర. చిక్కంతా అక్కడే వచ్చింది, ఎందుకంటే ఆ హాల్లో ఇంటర్వెల్ ఎప్పుడివ్వాలో చెప్పేది సినిమా తీసినవాళ్లు కాదు, అక్కగారు. ఆవిడ ఓనరుకి స్వయానా అక్క. క్యాంటీను ఆవిడ రాజ్యం. అందులో పాప్‌కార్న్ మిషన్ ఒకటుంది, దానికీ ఆవిడకీ ఇంచుమించు ఒకటే వయసు.

“ఇంటర్వెల్ ఎప్పుడోయ్?” కింది నుంచే కేకేసింది అక్కగారు.

“యాభై నిమిషాలకండీ.”

“యాభయ్యా! నా మిషన్ వేడెక్కడానికే గంటంబావు పడుతుందని తెలీదూ? జనానికి పచ్చిగింజలు పెట్టమంటావా?”

“సినిమావాళ్లు అలా పంపారండీ. మామూలుగా అయితే నేనే ఎక్కడో ఒకచోట ఆపేద్దును. వీటికి కంప్యూటర్ తాళం వేసి పంపారు, మొదలెడితే అయిపోయేదాకా మధ్యలో ఆపడానికి లేదు.”

“ఆ తాళాలూ గీళాలూ నాకు చెప్పకు. ఇరవై రెండేళ్లయింది వచ్చి, ఆమాత్రం సర్దలేవూ?”

ఆపరేటరు బుర్ర గోక్కున్నాడు. మామూలు రోజుల్లో మిషన్ సిద్ధమైందని అక్కగారు గంట కొట్టగానే, హీరో ఎత్తిన చెయ్యి విలన్ చెంప మీద పడకముందే లైట్లు వేసేసేవాడు. ఇప్పుడా వీలు లేదు. తమ్ముడి కోపమైతే ఒక పూటలో పోతుంది, అక్కగారి కోపం తరాలు నిలుస్తుంది. ఇక ఒకటే దారి. ఎలాగూ ఎవరికీ అర్థం కాని సినిమాయే కదా! ఏది ముందైతేనేం, ఏది వెనకైతేనేం? గంటన్నర పెట్టె ముందు పెట్టేసి, బల్ల మీద నడుం వాల్చాడు.

ఆట అయిపోయింది. తలలు పట్టుకుని, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ వచ్చే జనం కోసం ఓనరు గుమ్మం దగ్గర ఆశగా నిలబడ్డాడు. జనం వచ్చారు. పెళ్లి భోజనం చేసి లేచినవాళ్లలా తిన్నగా, నెమ్మదిగా వచ్చారు. ఒక్కడైనా తల పట్టుకుంటే ఒట్టు. ఓనరుకి గోడౌన్ కళ్లముందు కనబడింది.

అందరికంటే ముందు రిటైరైన లెక్కల మాస్టారొకాయన, తన బావమరిదిని రెక్క పట్టుకుని లాక్కొస్తూ ఓనరు ఎదుట ఆగాడు.

“మీరేనా ఓనరు?”

“నేనేనండీ. ఎలా ఉంది సినిమా?”

“నాకు అర్థమైంది,” అన్నాడు మాస్టారు, జేబు కొట్టేశారని ఫిర్యాదు చేస్తున్నంత కోపంగా.

“చాలా సంతోషమండీ.”

“సంతోషమేంటండీ! నా సంగతి వదిలెయ్యండి, ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఇదుగో, వీడు మా బావమరిది. బస్సు బోర్డు చదివి కూడా ఎటెళ్తుందని నన్నడుగుతాడు. వీడికీ అర్థమైంది! చెప్పరా, ఏం అర్థమైందో.”

బావమరిది నేరం ఒప్పుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. “ఆవిడ దుప్పట్లు ఉతికింది బావా. తర్వాత పోయింది. ఆ దిగులుతో ఆయన మీసం తీసేశాడు.”

“విన్నారా? ఉతికింది, పోయింది, తీసేశాడు. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవాల్సింది ఏముందండీ? లోకమంతా కొట్టుకు చస్తున్న సినిమా వీడికి అర్థమైందంటే ఇక్కడేదో మోసం జరిగింది!”

మోసం అనే మాట పడిందా, ఇక చూడండి. అప్పటిదాకా హాయిగా ఇంటికెళ్లబోతున్నవాళ్లంతా వెనక్కి తిరిగారు. నిజమే, మనకెందుకర్థమైంది అని ఎవరికివారే అనుమానపడ్డారు.

“నేను ముందే అనుకున్నా. పేర్లు మొదట్లోనే వేసేశారు,” అందొకావిడ. “మా చెల్లి చూసినప్పుడు మధ్యలో పడ్డాయిట.”

“పనికొచ్చే ముక్కలన్నీ కోసేసుంటారు,” అన్నాడు ఇంకొకాయన.

“అసలు ఇది ఆ సినిమానే కాదేమో. అదే పోలికలున్నవాళ్లని పెట్టి తీశారేమో.”

ఒక కొత్త జంట వాళ్ల బాధ వాళ్లు చెప్పుకున్నారు. వీధిలో మొగుడూపెళ్లాలంతా ఈ సినిమా చూసి రెండ్రోజులు పోట్లాడుకున్నారట, తామిద్దరికీ ఒక్క మాట తేడా రాలేదట, ఇక నలుగురిలో ఏం మొహం పెట్టుకుని తిరగాలని ఆ అమ్మాయి అడిగింది.

ఓనరు రెండేసి మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలోకి వచ్చి పడ్డాడు.

“ఏం చేశావురా?”

“నేనా? నేను కత్తెర ముట్టుకోలేదండీ.”

“నేను కత్తెర మాట ఎత్తానా?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆపరేటరు నాలుక్కరుచుకుని, “మన హాల్లో బొమ్మ బాగా కనబడుతుంది కదండీ, అందుకని అర్థమైందేమో” అన్నాడు. ఓనరు అతని మొహంలోకి తేరిపార చూశాడు. “నాకెందుకో నీ మీదే అనుమానంగా ఉంది. అదే నిజమని తేలిందో, ఇవాళే నీకు ఆఖరి రోజు,” అని కిందికెళ్లాడు. ముందు జనాన్ని ఆపాలి కాబట్టి నోటికొచ్చిన అబద్ధం ఒకటి ఆడేశాడు.

“ఇది దర్శకుడుగారు ప్రత్యేకంగా మన హాలుకిచ్చిన కాపీ అండీ! ఇంకెక్కడా లేదు!”

అబద్ధానికున్న కాళ్లు నిజానికెక్కడివి? గంటలో ఊరంతా పాకింది. మధ్యాహ్నం ఆటకి హాలు నిండిపోయింది. సగంమంది సినిమా ఇంతకుముందే వేరేచోట చూసినవాళ్లు, మోసం ఎక్కడుందో పట్టుకోవడానికొచ్చారు. లెక్కల మాస్టారు నోటుపుస్తకం తెచ్చుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. బావమరిదిని ఈసారి రెండు వరసలు వెనక విడిగా కూర్చోబెట్టాడు, సాక్ష్యం చెడిపోకుండా.

పైన ఆపరేటరు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఇప్పుడు ఒకటి ముందేస్తే పొద్దున తారుమారు చేసినట్టు మాస్టారి పుస్తకంలో రుజువైపోతుంది. రెండే ముందేస్తే మళ్లీ అందరికీ అర్థమైపోతుంది. ఎటుచూసినా ఉద్యోగం పోవడం ఖాయం. చివరికి, పోతే పోయింది, కనీసం అక్కగారి పాప్‌కార్నైనా వేగుతుందని రెండోదే ముందేశాడు.

అందరికీ అర్థమైపోయింది. కాకపోతే గొడవ మాత్రం ఈసారి అసలైన గొడవ. వేరేచోట చూసి మహాకావ్యమని పొగిడినవాళ్లకి తల కొట్టేసినట్టయింది. “ఇంత తేలిగ్గా తెలిసేదానికా నేను నాలుగు పేజీలు రాశాను!” అని ఒకాయన గోడకి తల ఆనించాడు. తలనొప్పి అని తిట్టినవాళ్లకేమో తెగ నచ్చేసింది. నిన్నటిదాకా అటున్నవాళ్లు ఇటు, ఇటున్నవాళ్లు అటు దూకారు గానీ ఒకరినొకరు తిట్టుకోవడం మాత్రం ఆపలేదు.

ఆ హడావుడిలో గేటు ముందు కారాగింది. గడ్డం, నల్లకళ్లద్దాలు, చెమట్లు. సాక్షాత్తూ దర్శకుడు! ప్రత్యేకమైన కాపీ సంగతి ఎవరో ఫోన్లో చెప్పారట, రెండూళ్ల అవతల షూటింగ్ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

“నేను ఏ కాపీ ఇవ్వలేదే! నా సినిమాని ఏం చేశారు మీరు?”

ఓనరు క్షణం ఆలోచించలేదు. “నాకేం తెలీదండీ, చేసిందంతా మా ఆపరేటరు! ఇవాళ్టితో వాడికీ మాకూ సంబంధం లేదు.”

మెట్ల మీద నిలబడ్డ ఆపరేటరు ఈ మాట విన్నాడు. ఇరవై రెండేళ్లు ఒక్క ఆట ఆపకుండా వేశాడు, జ్వరమొచ్చినా వేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దర్శకుడు గబగబా పైకొచ్చి, అతన్ని గదిలోకి నెట్టి, గడియ పెట్టాడు.

“నిజం చెప్పండి. ఏం చేశారు?”

“పెద్దది ముందేశానండీ,” అన్నాడు ఆపరేటరు. ఇక దాచి ప్రయోజనమేముంది? మిషన్ సంగతి, అక్కగారి సంగతి అన్నీ చెప్పేశాడు. “తప్పయిపోయింది బాబూ. తిట్టండి, కొట్టండి. ఉద్యోగం మాత్రం నిలబెట్టండి, నాకు ఇంకో పని రాదు.”

దర్శకుడు తిట్టలేదు. బల్ల మీద కూలబడ్డాడు. కళ్లద్దాలు తీస్తే లోపల తేలు కుట్టిన దొంగ మొహం బయటపడింది.

“మీరు తప్పు వెయ్యలేదు,” అన్నాడు గొంతు తగ్గించి. “నేను తీసింది ఆ వరసలోనే.”

“అంటే?”

“చీటీలు తప్పు. నేనే అంటించాను. కథ ముందే బయటికి పొక్కుతుందని నా ఆఫీసులో ఒక్కణ్ణీ నమ్మలేదు. అన్ని ఊళ్ల పెట్టెలకీ నేనే కూర్చుని, నా చేత్తోనే, నిద్రమత్తులో రెండుకి ఒకటి, ఒకటికి రెండు అంటించి చచ్చాను.”

“మరి మొదటిరోజే చెప్పెయ్యకపోయారా?”

“చెబుదామనే లేచాను! ఆవిడ చచ్చిపోయాక పేర్లు పడి, దుప్పట్లు మొదలవగానే ఆపండని అరవబోయాను. పక్క సీటాయన కళ్లు తుడుచుకుంటూ, ‘ఇలాంటి కథనం పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు’ అన్నాడు. మెల్లగా కూర్చున్నాను. మర్నాడు పేపర్లన్నీ అదే మాట. ఇప్పుడు నన్ను మేధావి అంటున్నారండీ! ఇదివరకెప్పుడూ ఎవరూ అనలేదు.” కాస్త ఆగి, అనుమానంగా చూశాడు. “ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదండీ. అక్కగారికి ఆవిడ మిషన్ తప్ప వేరే లోకం పట్టదు.”

“ఇంతకీ సినిమా మీకెలా ఉంది?”

“నేను చూళ్లేదండీ.”

ఆ మాటకి దర్శకుడి మొహం వెలిగిపోయింది. తను నమ్మదగ్గ మనిషి లోకంలో ఇన్నాళ్లకి ఒక్కడు దొరికాడు.

ఇద్దరూ కిందికొచ్చారు. దర్శకుడు కళ్లద్దాలు పెట్టుకుని, ఆపరేటరు భుజం మీద చెయ్యేసి జనంతో అన్నాడు. “ఈయన నా మనిషి. ఇవాళ జరిగింది నా ప్రయోగం. ఈ సినిమా మీకర్థమైందని మీరనుకున్నారు చూశారా, అసలు భ్రమ అదే!”

లెక్కల మాస్టారు నోటుపుస్తకం టపీమని మూసి, “నేనప్పుడే అనుకున్నా!” అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ఇందాక గోడకి తల ఆనించినాయన ఐదో పేజీ రాసుకోవడానికి కలం తీశాడు.

ఓనరు ఏదో అనబోయాడు. దర్శకుడు అడ్డుపడ్డాడు. “ఈయన్ని తీసేస్తే నా సినిమాలు మీ హాలు గుమ్మం తొక్కవు. నా పెట్టెలు ఈయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.” అప్పట్నుంచి ఓనరుకి ఆపరేటరు మీద కొత్త అనుమానం పట్టుకుంది. ఇంత పెద్దమనిషితో ఈయనకి ఎన్నాళ్ల పరిచయమో, ఇన్నాళ్లూ తన హాల్లో మారువేషంలో ఎందుకున్నాడో ఎంతాలోచించినా తేలలేదు. దాంతో ఎందుకైనా మంచిదని ‘మీరు’ అనడం మొదలుపెట్టి, ప్రొజెక్టర్ గదికి వెనక్కి వాలే కుర్చీ ఒకటి కొనిచ్చాడు.

సాయంత్రం ఆటకి ఓనరు తనే వెళ్లి అక్కగారి మిషన్ అరగంట ముందు వెలిగించాడు, ఆపరేటరు చీటీల ప్రకారం ఒకటి ముందు, రెండు తర్వాత వేశాడు. జనం తలలు పట్టుకుని, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ బయటికొచ్చారు. కొత్త జంట కూడా మళ్లీ వచ్చి చూసి, గేటు దాటేలోపే చక్కగా పోట్లాడుకుంది. సినిమా వంద రోజులాడింది. గోడౌన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ దర్శకుడి కొత్త సినిమా మొట్టమొదట ఆపరేటరు చేతికే వచ్చింది. ఈసారి పెట్టెలు మూడు, దేని మీదా అంకె వెయ్యలేదు.