నల్లబల్ల మీద వలస

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, రేపల్లెలో ఒక బడి తెలుగు పండితులు వెంకటకృష్ణయ్యగారు అడవులు నరికి, పులులను తరిమి, బీళ్ళను మాగాణి చేసినారు. అంతా నల్లబల్ల మీదనే.

అవి తుంగభద్ర కాలువ కింద కొత్త భూములు సాగుచేయడానికి డెల్టా రైతులు వలసపోతున్న రోజులు. పిల్లలచేత తప్పులు దిద్దించడానికి మాస్టారు ఆ రైతుల మీదే వాక్యాలు రాసేవారు. "వళస రైతు గుడిశలో పాము దూరినను బెధరలేదు." పిల్లలు వలసను, గుడిసెను, బెదురును సరిచేసేవారు. పామును మాత్రం ఎవరూ కదిలించేవారు కాదు. మాస్టారు స్వయంగా బాపట్ల దాటి ఎరగరు. అక్కడికైనా తాగే నీళ్ళు మరచెంబుతో ఇంటినుంచే పట్టుకెళ్ళేవారు.

ఇలా ఉండగా ఆయన బావమరిది బసవేశ్వరరావు, నిజంగానే వలసపోయినవాడు, ఎండకు మాడి నల్లబడి బడికే వచ్చాడు.

"బావగారూ, మా వలస రైతుల క్యాంపులో పిల్లలు గొడ్ల వెంట తిరుగుతున్నారండి. పాక వేశాం, పలకలు తెచ్చాం, పంతులే లేడు. మీరు రాకపోతే ఈ ఏడూ ఇంతే. ఏవంటారు?"

మాస్టారు నోరు విప్పకముందే హెడ్మాస్టరు శివరామయ్యగారు, "వస్తారయ్యా! రాకేం!" అనేశారు. మర్నాడే సన్మానం. పని చేసినవాణ్ణి వెతికి సన్మానించే ఓపిక మనకెక్కడిది? చేస్తాడనుకున్నవాడికి ముందే చేసేస్తాం. దండ పడ్డాక రానని చెప్పే పద్ధతి ఏ వ్యాకరణంలోనూ లేదు. మాస్టారికి భయమేసింది. ఇన్నాళ్ళూ తాను రాసిన వాక్యాలు తలుచుకుంటే అంతకంటే సిగ్గేసింది.

భార్య ఝాన్సీలక్ష్మితో, బావమరిదితో బయలుదేరారు. తెనాలిలో బండి మారాలి. గుంటూరు బండి వచ్చి ఆగింది. మాస్టారు బెంచీ మీదనుంచి లేవలేదు.

"ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?"

"అక్కడి నీళ్ళు నాకు పడవేమోనే."

ఆవిడ పెట్టె చేతికి తీసుకుంది. "పిల్లలు ఎదురుచూస్తుంటారండి. ఎనిమిదో తరగతి ప్యాసయ్యాను, అక్షరాలు నేనూ దిద్దించగలను. మీ నీళ్ళు ఇంట్లో ఉన్నాయిగా, వెళ్ళి తాగండి" అని తమ్ముడి వెంట ఎక్కేసింది.

బండి కదిలాక మాస్టారికి ఏడుపొచ్చింది. తరువాతి బండికి తానూ వెళ్ళిపోదామనుకున్నారు. కానీ రేపల్లె బండి ముందొచ్చింది.

ముఖం చెల్లక తలవంచుకుని దిగిన మాస్టారిని ఊరు పల్లెత్తు మాట అనలేదు. మళ్ళీ సభ పెట్టింది. శివరామయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"తాను వెళ్ళడం ఏపాటి పని? ఎవరైనా వెళతారు! కట్టుకున్న ఇల్లాలినే దేశానికి ధారపోసిన త్యాగమూర్తి మన వెంకటకృష్ణయ్యగారు!"

వెళ్ళింది ఆవిడండీ, నేను పారిపోయి వచ్చాను, అని చెబుదామని మాస్టారు లేచారు. అంతలో శాలువా కప్పేశారు. లేచినందుకు "ధన్యుణ్ణి" అని కూర్చున్నారు.

చప్పట్లు మారుమోగాయి. సభ చాలించి ఇళ్ళకు చేరిన మగవాళ్ళందరూ, తామూ ఏదో ఒక త్యాగం చేయకపోతే బాగుండదని తలచి, వంటింట్లో ఉన్న భార్యల వంక ఆలోచనగా చూశారు.