కేంద్రం నుంచి వచ్చిన అమ్మాయి

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంత పౌరులకు తెలియజేయడమేమనగా, గత సోమవారం మన పేటకు సాక్షాత్తూ కేంద్రం వచ్చింది. ఒక్కతే వచ్చింది. భుజాన సంచీ, చేతిలో చప్పుడు కొలిచే చిన్న యంత్రం, కాళ్ళకు అరిగిన చెప్పులు.

పేరు శ్రీలేఖ, సొంతూరు తణుకు. ఢిల్లీలో ఒక విశ్వవిద్యాలయంలోని ధ్వని అధ్యయన కేంద్రంలో పరిశోధన చేస్తోంది. ఇంత రొదలో బతికేవాళ్ళ చెవులు ఎలా ఉన్నాయో అడిగి, ముప్ఫై మంది చేత సంతకాలు పెట్టించి శుక్రవారంలోగా పంపాలి. పంపకపోతే సీటు పోతుంది, నాలుగేళ్ళ చదువు గంగలో కలుస్తుంది. ఆ కంగారులో మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడి, "కేంద్రం నుంచి వచ్చానండీ" అంది. ఆమె చేసిన తప్పల్లా అదే.

సంఘం అధ్యక్షులు చక్రపాణి గారు తక్షణం అత్యవసర సమావేశం జరిపారు. మైకు పెట్టించారు.

"ఏంటమ్మా, ఇన్నేళ్ళకు గుర్తొచ్చామా? పన్నులు మేం కట్టాలి, రూల్సు మీరు అక్కడ కూర్చుని రాయాలి! మా గోడు ఏనాడైనా విన్నారా? మా గొంతు మీ ఢిల్లీకి వినబడదా?"

ఈ ప్రసంగం యాభై నిమిషాలు అప్రతిహతంగా సాగింది. "వినడానికే వచ్చానండీ" అని శ్రీలేఖ మూడుసార్లు అంది. మైకు అధ్యక్షుల వారి చేతిలో ఉండటం వల్ల ఆ మాట సమావేశ వివరాల్లో నమోదు కాలేదు. మన చప్పుడు మన సొత్తనీ, దాన్ని కొలిచే హక్కు ఢిల్లీకి లేదనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. నేనూ చెయ్యెత్తాను. పక్కవాళ్ళు ఎత్తారు కదా.

మర్నాడు ఆమె మళ్ళీ వచ్చి, తనది ఆ కేంద్రం కాదనీ, సర్కారుతో తనకే సంబంధమూ లేదనీ వివరించింది. దాంతో ఉన్న కాస్త మర్యాదా పోయింది. సర్కారు మనిషి కానప్పుడు సంతకం ఎందుకు పెట్టాలి? సీలేదీ? స్టాంపేదీ? ఢిల్లీ అంటే మాకు కోపమే గానీ, ఢిల్లీ ముద్ర లేని కాగితాన్ని మేం ముట్టుకోం.

బుధవారం పంజగుట్ట చౌరస్తాలో టీ కొట్టు హుస్సేన్ భాయ్ ముందు కూలబడి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. సంగతంతా విని ఆయన ఇంకో టీ పోశాడు.

"ఫికర్ చెయ్యకు బేటా. కేంద్రం అంటె కొట్లాటకొస్తరు. జర సెంటర్ అని చూడు. గీ అమీర్‌పేటల సెంటర్ అంటె మస్తు ఇజ్జత్ ఉంటది."

గురువారం, కోచింగ్ సెంటర్ల కోసం వచ్చిన పిల్లలుండే ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో "సెంటర్ నుంచి వచ్చాను" అనగానే కుర్చీ వేశారు. ఏం కోర్సన్నారు, డెమో ఎప్పుడన్నారు, ఉద్యోగం గ్యారంటీయేనా అన్నారు. కోర్సేమీ లేదని ఆమె చెబుతూనే ఉంది. ఇరవై తొమ్మిది మంది అదేదో ప్రవేశ పరీక్ష అనుకుని, చెవుల మీద ప్రశ్నలన్నింటికీ నిజాయితీగా జవాబులు రాసి సంతకాలు పెట్టారు.

సొంత ఇంట్లో ఉండేవారు ఒక్కరైనా ఉండాలని నిబంధన. అందుకే శుక్రవారం పొద్దున మళ్ళీ మా గేటు దగ్గరే తేలింది. ఈసారి ఎక్కణ్ణుంచి వచ్చిందీ చెప్పలేదు. చక్రపాణి గారి భార్య హైమవతి గారు మెట్లు దిగి వచ్చి, తీర్మానాన్ని ఉల్లంఘించి, కాగితం అందుకున్నారు.

"ఆ మైకు గొట్టం మా వంటింటి కిటికీకే కట్టారమ్మా. ఆర్నెల్లుగా ఎడమ చెవిలో ఒకటే హోరు. రోజూ చెబుతూనే ఉన్నాను. ఢిల్లీ వినట్లేదని ఈయన అరుస్తుంటారు కదా, నా మాట ఎక్కడ వినబడుతుంది?"

గేటు పక్కనే నిలబడి విన్నాను. నాకు సిగ్గేసింది, కాసేపు. శ్రీలేఖ సోమవారం నాటి కొలతలు తీసి చూపించింది. చౌరస్తా కంటే మా సమావేశమే ఎక్కువ మోగింది. ముప్ఫయ్యో సంతకం పడింది, సీటు నిలిచింది.

విషయం తెలియగానే చక్రపాణి గారు మైకందుకుని, తన భార్య చెవి పట్ల ఢిల్లీ కనబరుస్తున్న నిర్లక్ష్యాన్ని తీవ్రంగా ఖండించారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఇదంతా మీరు ఓపిగ్గా చదివారు, సంతోషం. ఈలోగా మీ ఇంట్లోనే లోపలి గదిలోంచి మిమ్మల్ని రెండుసార్లు పిలిచారు. పిలిచింది ఢిల్లీ వాళ్ళు కాదు లెండి, నింపాదిగా పలకవచ్చు.