మాణిక్యాంబ మెచ్చుకున్న ఇల్లు

ఒక పెద్ద అడవిలో, ఎండ కూడా నేలకు దిగడానికి మొహమాటపడేంత గుబురులో, ఒక బొరియ ఉండేది. అందులో ముళ్ళపంది అప్పలకొండ, అతని భార్య పేరిందేవి, వాళ్ళ పిల్లలు కాపురం ఉండేవారు. రాత్రంతా దుంపలు తవ్వుకోవడం, తెల్లారాక పడుకోవడం. ఎవరి జోలికీ పోని సంసారం.

వాళ్ళ సుఖానికి ఒక్కటే అడ్డం. చెరువు గట్టున ఉండే కొంగ మాణిక్యాంబ.

అప్పలకొండ చిన్నతనంలో వాగులో పడి కొట్టుకుపోతుంటే ఈవిడ గట్టు మీద నిలబడి గట్టిగా అరిచిందట. ఆ అరుపు విని ఎవరో వచ్చి పైకి లాగారు. లాగినవాళ్ళెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అరిచినావిడ మాత్రం ఆ రోజు నుంచీ అక్క వరస కలిపేసుకుంది.

ముళ్ళపందులు సరిగ్గా కన్ను మూసే వేళకి ఆవిడ దిగేది.

"ఏమిటి తమ్ముడూ, పొద్దెక్కినా పడకేనా? మా చెరువు దగ్గర ఈపాటికి సగం పనులైపోతాయి" అంటూ మెడ వంచి లోపలికి దూరేది. "అబ్బ, ఇదేం గుమ్మం! వచ్చినవాళ్ళ మెడ విరిగేట్టుంది. ఎక్కడ చూసినా ఊడిన ముళ్ళే. చీపురు పట్టే అలవాటు లేదా పేరిందేవీ?"

"కూర్చోండి వదినగారూ, దుంప పెడతాను" అనేది పేరిందేవి, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"దుంపా? మళ్ళీ దుంపేనా!" అని ముక్కు విరిచి, దుంపంతా తినేసి వెళ్ళేది.

ఒకరోజు ఆవిడ వెళ్ళాక అప్పలకొండ గుమ్మం వైపు చూసి గొణిగాడు. "అక్క చెప్పినదాంట్లో తప్పేముందే? గుమ్మం పొట్టిదే మరి."

భార్య వద్దంటున్నా వినకుండా గుమ్మాన్ని తవ్వి పెద్దది చేశాడు. కొత్త గుమ్మంలోంచి మొట్టమొదట తల పెట్టింది మాణిక్యాంబ కాదు, దుమ్ములగొండి. పేరిందేవి వెనక్కి తిరిగి ముళ్ళన్నీ ఒక్కసారి లేపి దాని మూతిలో గుచ్చకపోతే పిల్లలు దక్కేవారు కాదు. అది కుయ్యోమంటూ పారిపోయింది. అప్పలకొండ మట్టి మోసి, ఆ పూటే గుమ్మాన్ని మళ్ళీ పూడ్చాడు.

"మీ అక్క నోటికి నా పిల్లలు బలైపోయేవాళ్ళు. నేను సభకి వెళ్తున్నాను" అంది పేరిందేవి.

అడవి సభకి అధ్యక్షుడు ఏనుగు భద్రయ్య. ఆయనకి చట్టాలు చెయ్యడమంటే చెరుకు గడంత ఇష్టం. చట్టాలు రాసిపెట్టేది గుంటనక్క పాపారావు. పేరిందేవి తన గోడు చెప్పగానే సభంతా గొల్లుమంది. అందరికీ ఒక్కో మాణిక్యాంబ ఉంది.

"మా ఆడపడుచు వచ్చి నేను లావెక్కానంటోందయ్యా. ఎలుగుబంటి లావుగా ఉండక సన్నగా ఉంటుందా?" అని ఎలుగుబంటి కళ్ళు తుడుచుకుంది.

"మా చుట్టాలొచ్చి మా ఇల్లు బాగులేదన్నారు" అంది జింక.

"నీకు ఇల్లే లేదు కదమ్మా?" అన్నాడు భద్రయ్య.

"అందుకే కదండీ బాధ!"

భద్రయ్య తొండమెత్తాడు. ఇకమీదట ఎవరింటికి వెళ్ళినవాళ్ళూ ఆ ఇంటికి వంక పెట్టకూడదు. పెడితే వాగు రేవులోకి రానివ్వరు. ఎండాకాలం ముంచుకొస్తోంది, రేవు లేకపోతే బతుకే లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు మాణిక్యాంబ వచ్చింది. నోరు విప్పలేదు. పైకప్పు వైపు చూసి "ప్చ్" అంది. నేల వైపు చూసి "హుఁ" అంది. పిల్లల వైపు చూసి, కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ ఊపింది. వెళ్ళిపోయింది.

ఆ రోజు పేరిందేవికి అసలు నిద్ర పట్టలేదు. "ఆ ప్చ్ దేనికంటారు? కప్పుకా, కప్పు మీద బూజుకా? పిల్లల్ని చూసి తల ఎందుకు ఊపింది?" అని మొగుణ్ణి లేపి మరీ అడిగింది. మాటలకైతే మనసులో ఏదో ఒక జవాబు చెప్పుకోవచ్చు. ప్చ్‌కి ఏం చెప్పుకుంటాం?

మళ్ళీ సభకి వెళ్ళింది. పాపారావు మీసం దువ్వుకున్నాడు.

"చట్టంలో చిన్న కంత ఉందండయ్యా. వచ్చినవాళ్ళని నోరు మూసుకుని ఊరుకోనివ్వకూడదు. వెళ్ళినవాళ్ళు ఇంటిని మెచ్చుకుని తీరాలి. మెచ్చుకున్నందుకు ఇంటివాళ్ళు తగిన మర్యాద చెయ్యాలి. మర్యాద తగ్గితే ఇంటివాళ్ళకీ రేవు బంద్. అప్పుడు లెక్క సమంగా ఉంటుంది."

"భేష్" అన్నాడు భద్రయ్య. పేరిందేవి దండం పెట్టి, మొదటిసారి తేలిగ్గా ఇంటికి నడిచింది.

ఎండలు ముదిరాక మాణిక్యాంబ వచ్చింది. చెరువు ఎండి బురదై, బురద ఎండి నెర్రెలిచ్చింది. ఆవిడ కాళ్ళు కాలి, ముక్కు తెరుచుకుని రొప్పుతోంది. గుమ్మంలో నిలబడి, చట్టం గుర్తొచ్చి, గొంతులో ఎముక అడ్డం పడినట్టు మొహం పెట్టింది.

"ఇల్లు... ఎంత... చల్లగా ఉంది" అంది.

అని, ఆగింది. మెడ తిప్పి చూసింది. ఒళ్ళంతా నేలకి ఆనించింది.

"ఏమిటే పేరిందేవీ, నిజంగానే చల్లగా ఉంది!"

ఆ సాయంత్రం ఆవిడ వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. ఆ తర్వాత చెల్లెల్నీ, చెల్లెలి పిల్లల్నీ పిలిపించింది. "రండర్రా, ఇలాంటి ఇల్లు అడవి మొత్తంలో లేదు. మా తమ్ముడిది బంగారం లాంటి మనసు!"

బొరియ నిండిపోయింది. ముళ్ళపందులకి చోటు లేక బయట పొద కింద పడుకున్నాయి. అప్పలకొండ దుమ్ములగొండి వస్తుందని ముళ్ళు లేపుకుని కాపలా కాసేవాడు. రాత్రి ఇంటిల్లిపాదికీ, చుట్టాలకీ దుంపలు తవ్వడం, పగలు కాపలా. రేచీకటి వచ్చినవాడిలా చెట్లకి గుద్దుకుంటూ తిరిగేవాడు.

"వాళ్ళని పొమ్మనరాదూ?" అంది పేరిందేవి.

"మర్యాద తగ్గిందంటారు. ఈ ఎండలో పిల్లలకి నీళ్ళెక్కడ తేను?"

పేరిందేవి వేరే దారి పట్టింది. కుళ్ళిన ఆకులు తెచ్చి పక్కలు వేసింది. "ఎంత మెత్తగా ఉన్నాయో!" అన్నారు కొంగలు. విషముష్టంత చేదు వేర్లు ఉడకబెట్టి పెట్టింది. "కడుపు శుభ్రపడింది తల్లీ" అన్నారు. పిల్లల్ని లోపలికి పంపి గంతులెయ్యమంది. వాళ్ళ ముళ్ళు చెల్లెలి తొడలో దిగాయి. "కీళ్ళ నొప్పికి ఇదే మందట" అని మాణిక్యాంబ చెల్లెలికి సర్దిచెప్పింది.

పేరిందేవి మూడోసారి భద్రయ్య దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, ఆ చట్టం తీసెయ్యండి. వంకలు పెట్టుకోనివ్వండి."

"చట్టం తీసెయ్యడమా?" భద్రయ్య ఆశ్చర్యపోయాడు. "అది వచ్చినప్పట్నుంచీ అడవిలో ఒక్క ఫిర్యాదు లేదు."

"ఫిర్యాదు చేస్తే మర్యాద తగ్గినట్టు కదయ్యా. ఎవరు చేస్తారు?"

"అదేనమ్మా మా చట్టం గొప్పతనం!"

పేరిందేవికి ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. ఇంటికి వెళ్ళి అప్పలకొండనీ పిల్లల్నీ లేపింది.

"పదండి, చుట్టరికానికి వెళ్దాం."

"ఎవరింటికే?"

"అధ్యక్షుల వారింటికి."

భద్రయ్య వాగు మలుపులో మామిడితోపు కింద ఉంటాడు. భార్య కామాక్షమ్మ తడిమట్టి పూసుకుని అప్పుడే నడుం వాల్చింది. పేరిందేవి వెళ్ళి రెండు చేతులూ జోడించింది.

"అబ్బబ్బ, ఏం తోపమ్మా! ఏం నీడ! ఇలాంటి ఇల్లు కట్టించుకున్నవారు ఎంత పుణ్యం చేశారో!"

కామాక్షమ్మ మురిసిపోయి పళ్ళు పెట్టింది. ముళ్ళపందులు తిని, ఇంకోసారి మెచ్చుకుని, ఆవిడ పక్కనే పడుకున్నాయి. నిద్రలో కామాక్షమ్మ అటు ఒత్తిగిలితే అటు ముల్లు, ఇటు ఒత్తిగిలితే ఇటు ముల్లు.

సంగతి అడవంతా పాకింది. చుట్టాలతో ఇళ్ళు నిండిపోయి వీధిన పడ్డవాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది. జింక వచ్చి నీడని మెచ్చుకుంది. ఎలుగుబంటి కుటుంబంతో వచ్చి, "కామాక్షమ్మగారూ, మీ ముందు నేను ఎంత సన్నగా కనిపిస్తున్నానో!" అని కూలబడింది. కుందేళ్ళు వచ్చాయి, కోతులు వచ్చాయి. మామిడిపళ్ళు అయిపోయాయి. ఆకులు కూడా అయిపోతున్నాయి. భద్రయ్య నిలబడే నిద్రపోవలసి వచ్చింది, తోక ఆడించే చోటు కూడా లేదు.

కామాక్షమ్మ పాదంలోంచి ముల్లు పీకి మొగుడి ముందు పడేసింది.

"ఆ చట్టం ఎత్తేస్తారా, నన్ను మా పుట్టింటికి పంపిస్తారా?"

"సభ పిలవాలి కదే, చర్చ జరగాలి, పాపారావు రాయాలి..."

"పాపారావు మీ వీపు మీదే పడుకుని ఉన్నాడు. లేపండి!"

భద్రయ్య ఘీంకరించాడు. చట్టం ఎగిరిపోయింది.

పేరిందేవి ఒక్క పరుగున తన బొరియ దగ్గరికి వచ్చి, గుమ్మంలోంచి లోపలికి కేకేసింది. "వదినగారూ! చట్టం తీసేశారు!"

లోపల్నుంచి మాణిక్యాంబ ఊపిరి పీల్చిన చప్పుడు, చాలా సేపు.

"కుళ్ళాకుల మీద పడుకోబెడతావుటే మమ్మల్ని? అవి వేర్లా, విషమా? నా చెల్లెలు సరిగ్గా కూర్చోలేకపోతోంది! పిల్లల్ని పెంచే తీరు ఇదేనా? ఇది ఇల్లు కాదే, సమాధి! మనిషి... కాదు, కొంగ అన్నది ఉండగలదా ఇందులో?"

ఇంకా చాలా అంది. పేరిందేవి గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని, ఎవరో పాట పాడుతున్నట్టు వింది. అప్పలకొండ అయితే మధ్యలో "ఇంకా చెప్పక్కా, ఇంకా" అన్నాడు కూడా.

"ఛీ, ఈ గడప మళ్ళీ తొక్కితే చూడు!" అని మాణిక్యాంబ చెల్లెల్నీ పిల్లల్నీ వెంటేసుకుని ఎగిరిపోయింది.

కాబట్టి ఇంటికొచ్చి వంకలు పెట్టే చుట్టాన్ని దేవుడిలా చూసుకోండి; ఆవిడకి సాయంత్రానికి వెళ్ళిపోయే ఉద్దేశం ఉంది.