నాలుగు చక్రాల గది

కదలనిది ఇల్లు, కదిలేది బండి. ప్రభుత్వమన్నది ఈ ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. ఇంటి పన్ను ఒక ఆఫీసులో, బండి పన్ను ఇంకో ఆఫీసులో కట్టే జనానికి ఇందులో ఎన్నడూ అనుమానం రాలేదు. షోలాపూర్ దాజీ పేట్‌లో దుప్పట్లు నేసే సిద్ధరాములు సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కొనేదాకా ఆఫీసులకూ రాలేదు.

వ్యాన్ కొనడానికి కారణం అతని భార్య చంద్రభాగ నడుము. నలభై ఏళ్లు నేల మీద కూర్చుని బీడీలు చుట్టిన నడుము అది. బస్సెక్కితే రెండు గంటలకు మించి ఒప్పుకోదు. ఆమెకేమో మంచు కురుస్తుంటే చూడాలని ఉంది. హిమాచల్ దాకా పడుకుని పోవాలంటే మంచమున్న బండి కావాలి, కొండెక్కాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. పైన అక్టోబర్ మొదట్లో మంచు మొదలవుతుంది, నెల మధ్యలో రోడ్డు మూసేస్తారు. ఇది ఆగస్టు.

అమ్మేవాడు పుణె ఇంజనీరు. సిద్ధరాములు దుప్పటిని తిరగేసి చూసినట్టు, బండి కిందికి దూరి వెల్లకిలా పడుకుని అరగంట చూసి బేరం ఖాయం చేశాడు. బండి దాజీ పేట్ చేరింది.

"ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఏంది?" అని చంద్రభాగ అడిగింది.

"మామూలు గాడిల రెండు చక్రాలు పని చేస్తయి, రెండు ఎంబడి తిరుగుతయి. దీంట్ల నాలుగూ పని చేస్తయి."

"అట్లయితే మన సంసారం మామూలు గాడే," అంది ఆమె, బీడీ ఆకు కత్తిరిస్తూ.

ఇక బండి సిద్ధరాములు పేరు మీదికి మారాలి. అందుకు 'సర్వద్వార్' అనే యాప్ ఉంది. అందులో అర్జీ రాయకూడదు, నోటితో చెప్పాలి (పెద్దల సౌకర్యార్థం). పన్నెండు భాషలున్నాయి. సిద్ధరాములు మాతృభాష మీద గౌరవంతో తెలుగు నొక్కాడు. నేరం ఏదైనా ఉందంటే అదే.

"నాలుగు చక్రాల గాడి. లోపట మంచం, పొయ్యి ఉన్నయి. మంచు సూసొచ్చేటందుకు హిమాచల్ పోతం," అన్నాడు.

షోలాపూర్ తెలుగులో గాడి అంటే బండి. యాప్ తెలుగు ఎక్కడిదో, దానికి ఆ మాట తెలియదు. తెర మీద 'నాలుగు చక్రాల గది' అని పడింది. మరాఠీ బడిలో చదివిన సిద్ధరాములు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఒక దీర్ఘం పోయింది, డ కాస్తా ద అయింది, మిషన్ కదా అనుకుని 'సరే' నొక్కాడు. గది అనే మాట అతనికి రాదు. వాళ్లింట్లో దాన్ని ఖోలీ అంటారు.

మూడో రోజు ఫైలు కుంఠా నాకాలోని చలన గదుల విభాగానికి చేరింది. (ఆ విభాగం అప్పటిదాకా లేదు. ఫైలు వచ్చింది కాబట్టి పెట్టారు.) అధికారి దత్తాత్రి మన తెలుగువాళ్ల అబ్బాయే. కుర్చీ చూపించి మర్యాదగా మాట్లాడాడు.

"కాకా, అర్జీల గది అని ఉన్నది. గదంటే ఖోలీ."

"నేను గాడి అన్న సాబ్!"

"మీరన్నది మిషన్ విన్నది. మిషన్ విన్నది మేం ఎక్కించినం. ఇప్పుడు కాదంటే మిషన్ తప్పు విన్నదని రాయాలె. దానికి కాలమ్ లేదు."

"జరా మీరే సూడుండ్రి. అది గాడే."

"మంచం ఉన్నదా?"

"ఉన్నది."

"పొయ్యి?"

"ఉన్నది."

"గిన్నెలు కడిగే సింక్?"

"అదీ ఉన్నది."

"ఇగ గాడి ఎట్లయితది కాకా? నేను కిరాయికుండే ఖోలీల గుడ సింక్ లేదు."

గది అని తేలాక మిగతావి నియమాల ప్రకారం జరిగాయి. వెనక తలుపుకు ఇంటి నంబరు బిగించారు. చక్రాలను అనుమతి లేని అదనపు కట్టడాలుగా గుర్తించి నాలుగు నోటీసులిచ్చారు. స్టెప్నీకి విడిగా ఒకటి. నాలుగు దిక్కుల హద్దులు రాయమన్నారు. తూర్పున పాల రాములు స్కూటర్ అని సిద్ధరాములు రాశాడు. రాములు పాలు పొయ్యడానికి పోగానే తూర్పు హద్దు మాయమైంది, ఫారం మళ్లీ మొదటికొచ్చింది. నాలుగోసారి చంద్రభాగ పీట వేసుకుని తూర్పున తనే కూర్చుంది. సర్వేయర్ వచ్చేదాకా రెండు వందల బీడీలు చుట్టింది.

సెప్టెంబర్ ఆఖరుకు ఒక్కటే మిగిలింది. గది కదిలితే కూలుతుందా, కూలదా?

"తనిఖీ చెయ్యాలె," అన్నాడు దత్తాత్రి.

"చెయ్యుండ్రి. గల్లీల ఒక చక్కర్ కొడత."

"గల్లీల మంచు పడతదా? అర్జీల హిమాచల్ అని ఉన్నది. తనిఖీ ఆడనే."

"అయితే మమ్ముల గుడ తీస్కపోండ్రి సాబ్. ఒక మూలకు పండుకుంటది మా ఆమె."

"కూలుతదో లేదో తెల్వని ఖోలీల మిమ్ముల ఎట్ల పండవెట్టాలె కాకా? పానం మీదికొస్తే ఎవరు జవాబు?" అన్నాడు దత్తాత్రి. ఆ మాటలో నిజమైన ఆదుర్దా ఉంది. అతను తన భార్యను, ఇద్దరు పిల్లలను, అత్తగారిని సాక్షులుగా తీసుకుని బయలుదేరాడు.

తనిఖీకి ఇరవై రెండు రోజులు పట్టింది. నివేదిక స్పష్టంగా ఉంది. గది గట్టిది. నాలుగు చక్రాలూ పని చేశాయి. మంచు కురిసినప్పుడు కప్పు కారలేదు. మంచం నడుముకు హాయి. నివాసితులు గదితో సహా ప్రయాణించవచ్చు. అనుమతి ఏప్రిల్ నెలాఖరు దాకా చెల్లుతుంది. (రోడ్డు మే నెలలో తెరుస్తారు.)

నివేదికకు మంచు ఫోటో ఒకటి జత చేశారు. రంగుల ప్రతి ఆఫీసు ఫైలుకు, జిరాక్సు అర్జీదారుకు.

చంద్రభాగ వ్యాన్‌లో మంచం మీద పడుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"గిదేనా?"

"గిదే," అన్నాడు సిద్ధరాములు.

మంచు ఎటూ తెల్లగానే ఉంటుంది కనుక, జిరాక్సు వల్ల అర్జీదారుకు నష్టమేమీ జరగలేదని నమోదు చేసి విభాగం ఫైలు మూసింది.